చేదు లేని మాత్ర

నాలుక మీద పెట్టుకున్న మాత్ర చేదుగా లేకపోవడంతో సంజీవమ్మ గుండె గుభేలుమంది.

రోజూ దీపం పెట్టేవేళకు మాత్ర నోట్లో వేసుకోవడం, గుక్కెడు నీళ్ళతో మింగెయ్యడం, అంతే. రుచి తెలిసేంత వ్యవధి ఉండదు. ఆ పూట చెంబు ఖాళీగా ఉంది. మాత్ర నోట్లో పెట్టుకునే మూలనున్న కుండ దగ్గరికి నడిచింది. ఆ కాసేపట్లో నాలుకంతా నేలవేము నూరి పూసినట్టు అయిపోవాలి. కాలేదు. సున్నం నాకినట్టుంది!

అరచేతిలోకి ఉమ్మేసి గడప దగ్గరికి పరుగెత్తింది. మిగిలిన వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. తెలుపే. గుండ్రమే. కానీ నడుమ గీత లేదు. పావగడ ఆసుపత్రిలో ఇచ్చే ఫిట్సు మాత్రకు నడుమ సన్నటి గీత ఉంటుంది. గోటితో నొక్కితే ఇది పిండిలా రాలిపోయింది.

గూట్లోంచి డబ్బా దించి మాత్రలన్నీ చేటలో పోసింది. గీత ఉన్నవి ఒక పక్కకు, లేనివి ఒక పక్కకు జరిపింది. గీత లేనివే ఎక్కువ!

ఎవరో మంచి మాత్రలు తీసుకుని వాటి తావులో దొంగ మాత్రలు పెడుతున్నారు. ఎన్నాళ్ళ నుంచో!

ఏడాది పాటు ఒక్కసారి కూడా పడని మనిషి పోయిన వారం పొయ్యి ముందర సంగటి గెలుకుతూ గెలుకుతూ విరుచుకు పడిపోయింది. చంకలో కూతురు సుబ్బి ఉంది. మరిది మారన్న ఒక్క దూకు దూకి పిల్లను లాక్కోబట్టి సరిపోయింది. తెలివి వచ్చేసరికి అత్త హనుమంతమ్మ ఒళ్ళో సుబ్బి ఉంది. ఆ రోజు నుంచి అక్కడే తినడం, అక్కడే పడుకోవడం. తల్లి చేతులు చాస్తే అవ్వ అడ్డం తిరిగి కూర్చుంటుంది.

"ఇంగొక్క తూరి పడినావంటే నువ్వు పుట్టింటికి. బిడ్డ ఈడనే," అని కూడా తేల్చి చెప్పేసింది. భర్త చిన్నరంగప్ప తల్లి మాటకే తలూపాడు. 

అందరూ సంజీవమ్మనే అనుమానించారు, మాత్రలు సరిగ్గా మింగడం లేదని. తనని తానే అనుమానించుకుంది కూడా. ఇప్పుడు తెలిసింది. ఇంకొక్కసారి పడితే బిడ్డ దక్కదు. పడేలా చేస్తున్నవాళ్ళు ఈ గోడల మధ్యే ఉన్నారు.

అరవలేదు. మంచి మాత్ర ఒకటి మింగి, మిగిలిన మంచివన్నీ నడుముకున్న వక్కాకు సంచిలో దోపుకుంది. దొంగ మాత్రల్ని మళ్ళీ డబ్బాలో పోసి, మూత పెట్టి, దాని అంచు మీద వేరుశనగ గింజ పొట్టు ఒకటి ఆనించింది.

'రానీ,' అనుకుంది.

*

పొద్దున్నే చూస్తే పొట్టు కింద నేల మీద ఉంది.

వచ్చారు! డబ్బా తెరిచారు! అన్నీ దొంగ మాత్రలే ఉండటం చూసి అలాగే మూసి పోయారు. సంజీవమ్మకు భయంతో పాటు ఏదో హుషారు కూడా పుట్టింది. ఉచ్చు కదిలింది కదా.

వసారాలో విత్తనం కాయలు ఒలిచే పని నడుస్తోంది. వాన పడితే చాలు విత్తెయ్యాలి, రాయచెర్లులో ఏ ఇంటి వసారా చూసినా కాయలూ పొట్టూనే. అయితే ఆ ఎనభై ఏడులో మబ్బు అనేదే మర్చిపోయింది ఆకాశం. కాయ ముక్కును రాతి మీద టక్కున కొట్టడం, బొటనవేలితో విప్పడం, గింజ పొర చిట్లకుండా చేటలో జారవిడవడం. పొర చిట్లిన గింజ మొలవదు. హనుమంతమ్మ వేళ్ళు ఆ పనిలో యంత్రంలా ఆడుతున్నాయి. ఆమె వీపున చీరతో కట్టిన మూటలో సుబ్బి నిద్రపోతోంది.

"ఏమే సంజీవీ, కాయలు ఒలుస్తా ఉండావా, వాటికి జోల పాడతా ఉండావా?"

ఆ మాత్రతో పొద్దున్నే కాస్త మగతగా ఉండటం మామూలే. కానీ ఈ రోజు సంజీవమ్మ కళ్ళు పూర్తిగా విప్పుకుని ఉన్నాయి.

"అత్తా, ఒక మాట అడుగుతా. నా మాత్రలు తీస్తా ఉండేది ఎవరు?"

టక్కుమనే చప్పుడు ఆగింది.

"నీ మాత్రలు నాకెందుకే? మింగేది నువ్వు, మద్యాన్నందాకా ఆవలించేది నువ్వు. నేను గూడా మింగి పడుకుంటే ఈ కాయలు మీ మామ సోర్గం నుంచి దిగొచ్చి ఒలుస్తాడా?"

"నీకు ఆ మాత్రలంటే గిట్టదు గదా."

"గిట్టదు. ఎవరు గాదన్నారు? ఆ తెల్లబిళ్ళలు మింగి మింగి రొంత మొద్దైపోయినావు. అయితే ఏందిప్పుడు? నాకు తియ్యాలనిపిస్తే నీ ఎదురుంగానే తీసి పొయ్యిలో పోస్తా. ఈ ఇంట్లో హనుమంతమ్మ ఎవరికి బయపడి దొంగతనం జెయ్యల్ల?"

అని ఆగింది. ముఖం మారింది. "ఏందీ, ఎవరన్నా తీస్తా ఉండారా నిజ్జంగా?"

సంజీవమ్మ కొంగు ముడి విప్పి, డబ్బాలోంచి తీసిన దొంగ మాత్ర ఒకటి చూపించింది. హనుమంతమ్మ దాన్ని కొరికి తుపుక్కున ఉమ్మింది.

"ఇది సుబ్బి పుట్టినప్పుడు నర్సమ్మ ఇచ్చిన సున్నం బిళ్ళ గదే! అటక మీద సీసాలో ఉండె. అవి లావు బిళ్ళలు. ఇదేంది, చిన్నదైంది?"

నిచ్చెన వేసి చూస్తే సీసా ఖాళీ. హనుమంతమ్మ దాన్ని తలకిందులు చేసి దులిపింది. అత్త కాదు. సంజీవమ్మకు అంతవరకు ఖాయమైంది.

మధ్యాహ్నం మారన్న సంగటికి వచ్చాడు. నరసింహయ్య బావిలో పని చేస్తున్నాడు. నీళ్ళు అడుగంటిన బావుల్ని ఇంకా లోతుకు తవ్వే గుంపుకు కొల్లప్ప మేస్త్రీ అయితే, బండ అడ్డం తగిలినప్పుడు బెజ్జాల్లో తూటాలు దట్టించి వత్తులు అంటించే మనిషి మారన్న. అందరూ పైకి వచ్చేశాక ఒక్కడే అడుగున ఉంటాడు. వరసగా వత్తులన్నీ అంటించి, గోడలోని మెట్టురాళ్ళు పట్టుకుని కోతిలా ఎక్కివస్తాడు. తాలూకాలో అంత వడిగా ఎక్కేవాడు లేడని పేరు.

"మిరపకారం వద్దమ్మా. మజ్జిగ పొయ్యి," అన్నాడు.

"కారం లేకుండా నీకు ముద్ద దిగుతుందేంరా?"

"నోరు పుండైనాది. వదిలెయ్యి."

ముద్ద తుంచే వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. సంజీవమ్మ చూసింది, ఎండలో పని కదా అనుకుంది.

"గురువారం తూటా పెడతా ఉండాం," అన్నాడు. తర్వాత తల ఎత్తకుండానే, "వదినా, మాత్రలకు పావగడకు ఎప్పుడు పోతావు?"

"ఆ గురువారమే."

"బిరీన పోయిరా."

పోయిన వారం తనను చూసి భయపడ్డాడు పాపం, అనుకుంది సంజీవమ్మ.

హనుమంతమ్మ వేలు చూపించి కొడుకును హెచ్చరించింది. "గురువారం నిన్ను పేరుపెట్టి పిలవనురోయ్. నువ్వు గూడా పలకొద్దు."

అది బావి పనివాళ్ళ కట్టడి. తూటా మనిషి బావిలోకి దిగాక పైనుంచి ఎవరూ అతన్ని పేరెత్తి పిలవకూడదు. పిలిచారో, రాయి అతన్ని అడిగిందని లెక్క. ఆ రోజుకు వత్తి అంటించకుండా పైకి వచ్చెయ్యాలి. మర్నాడు కోడిని కోసి, టెంకాయ కొట్టి, మళ్ళీ మొదటి నుంచి. ఒక దినం పని పోతుంది, పిలిచినవాడికి ఊరంతా తిట్లు. అందుకే ఎంత ముంచుకొచ్చినా ఎవరూ పిలవరు.

*

గురువారం పావగడ ఆసుపత్రిలో డాక్టరమ్మ దొంగ మాత్రను బల్ల మీద పెట్టి కళ్ళజోడు సవరించుకుంది. కన్నడ యాస కలిసిన తెలుగు ఆమెది.

"ఇది కాల్షియం. ఎవరో అంచులు అరగదీసి చిన్నది చేశారు. చూడు, చుట్టూ ఎర్రగా అంటుకుంది. ఏదో రాయి మీద రుద్దారు."

"నాకు మళ్ళీ వచ్చింది ఇందుకేనా అమ్మా?"

"ఇంకెందుకు? ఈ ఫినోబార్బిటోన్ చాలా పాత మందు. చవక, మంచిది, కానీ మొండిది. రోజూ అదే వేళకు పడుతూ ఉంటే తలలో రేగేదాన్ని అణిచి పెడుతుంది. పెట్టిన చెయ్యి ఒక్కసారి తీసేశావనుకో, అణిగిందంతా ఎగిసి లేస్తుంది. ఒకదాని మీద ఒకటి ఫిట్సు వచ్చి మనిషి పోనూ వచ్చు. నీకు ఒకటితో తప్పింది, అదృష్టం. మానితే మేము చూసి మెల్లమెల్లగా మాన్పించాలి. తప్పిందని రెండు కలిపి మింగకూడదు. సారా తాగినవాళ్ళు మింగితే నిద్రలోనే ఊపిరి ఆగుతుంది."

డాక్టరమ్మ ముందుకు వంగింది.

"ఇప్పుడు అసలు సంగతి విను. నీ మాత్రలు ఎవరో మింగుతున్నారు. పారేసేవాళ్ళయితే ఇంత కష్టపడి దొంగవి చెయ్యరు. వాళ్ళకు అది కావాలి. రోజూ మింగినవాళ్ళకు ఒక్కసారిగా దొరకకపోతే నీకు వచ్చిన ప్రమాదమే వాళ్ళకూ వస్తుంది. డబ్బా దాచిపెట్టలేదు కదా?"

సంజీవమ్మ చెయ్యి తనకు తెలియకుండానే నడుము దగ్గరి సంచి మీదికి పోయింది.

సోమవారం సందెవేళ దాచింది. ఇవాళ గురువారం.

ఎర్రరాయి. ఇంట్లో వత్తులు కోసే కత్తికి పదును పెట్టే ఎర్ర సానరాయి. నోరు పుండైనాది. పుండు కాదు! పడి లేచిన ప్రతిసారీ తను కూడా కారం తినలేదు. కొరుక్కున్న నాలుక ఎలా మండుతుందో తనకు తెలుసు. బిరీన పోయిరా...

"అమ్మా, మా మరిది!" అంది లేచి నిలబడి. "బావిలో తూటాలు అంటిస్తాడు. ఈ దినమే!"

డాక్టరమ్మ కూడా లేచింది. "పరుగెత్తు. ఆపు. మాత్ర నువ్వే ఇవ్వకు, నా దగ్గరికి తీసుకురా. దారిలో వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టు. నోట్లో ఏమీ పెట్టనివ్వకు. పో!"

బస్సు కదలబోతుంటే ఎక్కింది. ఊరు దాటగానే గొర్రెల మంద అడ్డం వచ్చింది. డ్రైవరు తాపీగా బీడీ ముట్టించాడు.

"అన్నా, పోనీప్పా! హారన్ కొట్టప్పా!"

"గొర్రెలకు కన్నడం రాదు, తెలుగు రాదు, హారన్ వస్తుందామ్మా?" కండక్టరు నవ్వాడు. ఆమె ముఖం చూసి నవ్వు ఆపుకున్నాడు. "ఎవరికన్నా పానం మీదికొచ్చిందా?"

"వస్తాది. నువ్వు నిలబడి నవ్వుతా ఉంటే వస్తాది."

కండక్టరు దూకి తువ్వాలుతో గొర్రెల్ని అదిలించాడు. బస్సు దుమ్ము లేపుకుంటూ ఉరికింది. ఎండ నడినెత్తికి ఎక్కుతోంది. మందలు మేత నుంచి మళ్ళేలోగా, పొలాల్లో జనం లేని వేళ చూసి తూటా పేలుస్తారు. అంటే ఇప్పుడే.

నరసింహయ్య పొలం దారి దగ్గర బస్సు పూర్తిగా ఆగకముందే దిగేసింది.

*

దారికి అడ్డంగా ఎర్రగుడ్డ కట్టిన కర్ర పట్టుకుని ఒక మనిషి నిలబడి ఉన్నాడు. తన మొగుడే.

"యాడికే? నిలబడు! తూటా పెట్టినారు, కనపల్లేదా?"

"మారన్న దిగినాడా?"

చిన్నరంగప్ప అదిరిపడ్డాడు. "పేరెత్తొద్దే! దిగినాడు. వత్తులు సర్దుతా ఉండాడు."

"ఆయప్పకు ఫిట్సు ఉండాదప్పా. నా మాత్రలు తీసి మింగుతా ఉండింది ఆయప్పే. నేను దాచిపెట్టినా. ఇప్పుడు లోపల పడతాడు!"

"నీకే మళ్ళీ వచ్చేట్టుండాది. వానికి ఫిట్సేంది? ఎద్దు మాదిరి ఉండాడు. పో, ఆ కానుగ చెట్టు కింద కూసో."

ఎర్రగుడ్డ అడ్డం పెట్టాడు. సంజీవమ్మ దాని కిందుగా దూరి పరుగెత్తింది. వెనక నుంచి కేక. ముళ్ళు, గట్లు, ఎండిన దున్నుడు గడ్డలు. చెప్పు ఒకటి తెగి ఎక్కడో పడిపోయింది. బావి చుట్టూ దూరంగా గట్టు చాటున నక్కిన గుంపులోంచి కొల్లప్ప మేస్త్రీ లేచాడు.

"ఆడమనిషి రాకూడదు! పట్టుకోండ్రా!"

అంత దగ్గరికి రావడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఆమె బావి అంచు మీద బోర్లా పడి లోపలికి చూసింది.

చాలా కింద, బండ మీద, మారన్న. ఒక చేతిలో రగులుతున్న తాడు ముక్క. దాన్ని వత్తికి తాకించాలి. తాకించడం లేదు. వత్తి వైపే చూస్తూ, ఏదో మర్చిపోయినవాడిలా నిలబడిపోయాడు. ఖాళీ నోరు నెమరు వేసినట్టు ఆడుతోంది.

'వచ్చే ముందర అట్లే ఉంటుంది,' అనుకుంది. 

"మారన్నా!"

గట్టు చాటున ఎవరో నెత్తి కొట్టుకున్నారు. 

"ఓ మారన్నా! మారన్నా! నీ పేరే! నేను, సంజీవిని!"

కింద మనిషి ఉలిక్కిపడ్డాడు. తల ఎత్తాడు. కళ్ళలోకి చూపు మెల్లగా తిరిగి వచ్చింది. దాంతో పాటే కోపం.

"వదినా! నీకేమన్నా బుద్ధుండాదా? పేరెత్తినావే!"

"ఎత్తినా. ఇంగ అంటించరాదు. చేతిలోది కాలితో నలుపు. ఆ వేలాడతా ఉండే తాడు నడుముకు కట్టుకో, కట్టుకోకుండా ఎక్కొద్దు!"

"నాకు తాడా?"

"కట్టుకోప్పా! నాకు తెలుసు. అంతా తెలుసు."

మారన్న నిప్పును బండకేసి నలిపాడు. తాడు నడుముకు చుట్టుకుని ముడి వేసుకోవడం ఆమె కళ్ళార్పకుండా చూసింది. కొల్లప్ప తిట్టుకుంటూ వచ్చి తాడు అందుకున్నాడు.

"దినం చెడగొట్టిందప్పా ఈ ఫిట్సుది! దట్టించిన తూటాలు అట్లే ఉండిపోయె! నీ ఇంటికి వచ్చి కోడిని తెచ్చుకుంటా, చూస్తా ఉండు!"

మారన్న పైకి వచ్చాడు. బావి అంచు దాటి నిలబడ్డాడు. ఆమె మీద అరవడానికి నోరు తెరిచాడు. ఆ నోటి నుంచి మాట రాలేదు. గొంతు నులిమిన జంతువులాంటి కూత ఒకటి వచ్చింది. కనుగుడ్లు పైకి పోయాయి. నిలువునా మాను పడ్డట్టు పడ్డాడు.

కొల్లప్ప చేతిలో తాడు జారిపోయింది.

"ఇనుప గడారి పెట్టండ్రా చేతిలో!" ఎవరో అరిచారు. "నీళ్ళు పొయ్యండి! పళ్ళు గిట్టకరుచుకుంటా ఉండాయి, కట్టె దూర్చండి!"

"ఏమీ దూర్చొద్దు! వదలండి చేతులు!" సంజీవమ్మ గొంతు ఎవరూ ఎన్నడూ విననంత పెద్దగా లేచింది. తలపాగా లాగి మారన్న తల కింద పెట్టింది. నడుము తాడు వదులు చేసింది. కొట్టుకోవడం తగ్గగానే భుజం పట్టి పక్కకు తిప్పింది. నురుగు నేల మీదికి జారిపోయింది. ఊపిరి గురగురమంటూ మొదలైంది. ఆమె ఆ ఊపిరి వింటూ కూర్చుంది. గుంపులో ఎవరూ బావి వైపు చూడటం లేదు, చూడకుండా ఉండనూ లేకపోతున్నారు.

చిన్నరంగప్ప ఎర్రగుడ్డ కర్ర పట్టుకునే వచ్చి నిలబడ్డాడు. తమ్ముణ్ణి చూశాడు. పెళ్ళాన్ని చూశాడు. కర్రను నెమ్మదిగా నేల మీద పెట్టాడు.

మారన్నను కానుగ నీడకు మోసుకుపోయారు. కబురు అంది హనుమంతమ్మ మజ్జిగ ముంతతో, చంకలో సుబ్బితో, జుట్టు విడిపోయి పరుగెత్తుకొచ్చింది. సుబ్బిని నేల మీద దించి, కొడుకు తల ఒళ్ళో పెట్టుకుంది.

"ఏం గాలేదు నాయనా, ఏం గాలేదు. ఎండదెబ్బ. నిన్నట్నుంచి సరిగ్గా తినలేదు గదా."

"ఎండప్పా, ఎండ," అన్నాడు కొల్లప్ప. పెద్ద ఊపిరి వదిలాడు. "ఎవరికైనా తగుల్తుంది. ఒగ దినం పడుకుంటే సరిపోతుంది."

"ఎండే," అన్నారు మిగతావాళ్ళు. ఆ మాట అందరికీ నచ్చింది. సంజీవమ్మ వాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూసింది. పోయిన వారం పొయ్యి దగ్గర తను లేచి కూర్చున్నప్పుడు ఎండ అని అన్నవాళ్ళు ఒక్కరూ లేరు.  సంచిలో ఉన్న మాత్రల్ని గుడ్డ మీది నుంచే తడిమింది. రేపు పావగడ బస్సుకు ఇతన్ని ఎవరు ఎక్కిస్తారు? ఎండదెబ్బకు ఎవరూ పావగడకు పోరు.

మారన్న కళ్ళు తెరిచాడు. చాలాసేపు కొమ్మల్లోకి చూశాడు. చుట్టూ చెప్పుకుంటున్నది అతని చెవిన పడుతూనే ఉంది. తల్లి నోటి దగ్గర పెట్టిన మజ్జిగను పక్కకు జరిపాడు. మోచేతి మీద లేచాడు.

"ఎండ గాదమ్మా," అన్నాడు. నాలుక తెగి మాట ముద్దగా వస్తోంది. "ఎవరూ ఎండ అనొద్దండి. నాకు పోయిన పుష్యమాసంలో మొదుల పెట్టింది, చిక్కన్న బావిలో, ఒగన్నే ఉన్నప్పుడు. దయ్యం అనుకుంటి. మళ్ళీ పొలంలో వచ్చె. అప్పుడు వదిన మాత్రలు మింగి పడకుండా తిరగతా ఉంది గదా అని ఒకటి తీసుకుంటి. పనిచేసె. ఇంగ వదల్లేకపోతి. డాక్టరమ్మ తావకు పోతే పేరు రాసుకుంటుంది, ఊరికి తెలుస్తుంది, తూటా ఎవరిస్తారు నాకు? అందుకని సున్నం బిళ్ళలు సానరాయి మీద అరగదీసి ఆయమ్మ డబ్బాలో ఏస్తా వస్తి. ఆయమ్మ పొయ్యి ముందర పడిన దినం ఎందుకు పడిందో ఆ ఇంట్లో నాకొక్కనికే తెలుసు. తెలిసీ, బిడ్డను లాక్కోని నీ చేతికిచ్చింది నేనేనమ్మా. ఇంగ ఆమెకు ఇయ్యొద్దు అన్నది గూడా నేనే. ఆయమ్మ మీదనే అందరి కండ్లు ఉంటే నన్నెవరూ చూడరు అనుకుంటి. ఆయమ్మ పడితే బిడ్డను తీసుకుంటిరి. నేను పడితే మజ్జిగ తెస్తిరి. ఇద్దరిదీ ఒకటే రోగం. నేను మొగోన్ని, దాచుకుంటి. దాచుకునేదానికి ఆయమ్మకు తావు యాడుండె? ఉన్న డబ్బా గూడా నేనే దోచుకుంటి."